స్టార్ట్ కాని బండి, మధ్యలో ఆగే స్ప్రేయర్: కార్బురేటర్, ఎఫ్.ఐ. ఇంజన్లలో లోపం కనుక్కోవడం ఎలా?

ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో పత్తి, మిరప, ఉల్లి పైర్లకు పిచికారీ చేయడానికి రోజులో దొరికే సమయం తక్కువ. పొద్దున గాలి లేవకముందు రెండు మూడు గంటలు, సాయంత్రం గాలి తగ్గాక మరి కాసేపు. ఆ సమయంలో పవర్ స్ప్రేయర్ స్టార్ట్ కాకపోతే ఆ పూట పోయినట్టే. కూలీలకు కూలి ఇవ్వాలి, కలిపిన మందు డ్రమ్ములో మిగిలిపోతుంది, చేనులో పురుగు మాత్రం ఆగదు. బైక్ మొరాయించినా అంతే. విత్తనాలకో, మందులకో, ఆదోని యార్డుకో పోవాల్సిన పని వాయిదా పడుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా కార్బురేటర్ విప్పిస్తారు. ఎఫ్.ఐ. బండి అయితే పంపు మార్పిస్తారు. తీరా చూస్తే పాడైంది ప్లగ్గో, బ్యాటరీనో, టాంకు మూతలో మూసుకుపోయిన చిన్న రంధ్రమో అయి ఉంటుంది. ఏ క్రమంలో చూసుకుంటే లోపం త్వరగా దొరుకుతుందో, ఏది మీరు చేసుకోవచ్చో, ఏది మెకానిక్‌కు వదలాలో ఈ వ్యాసంలో తెలుసుకోండి.

మీ ఇంజన్ ఏ రకం?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. అంతకుముందు మన ఊళ్లలో తిరిగిన 100–125 సీసీ బండ్లు, మోపెడ్లు ఎక్కువగా కార్బురేటర్‌వే. ఆ తర్వాత వచ్చినవి దాదాపు అన్నీ ఎఫ్.ఐ., అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లు. కొన్ని 100–110 సీసీ బి.ఎస్.-6 మోడళ్లు మాత్రం ఎలక్ట్రానిక్ కార్బురేటర్‌తో వచ్చాయి. కాబట్టి కొన్న సంవత్సరం ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు.

గుర్తుపట్టే పద్ధతి:
- తాళం ఆన్ చేయగానే మీటరులో ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగి, టాంకు లోపల నుంచి రెండు మూడు సెకన్లు "జుయ్" మని శబ్దం వస్తే అది ఎఫ్.ఐ. బండి.
- టాంకు కింద ఆన్, ఆఫ్, రిజర్వ్ తిప్పే కాక్, పక్కన చోక్ లివర్ ఉంటే అది కార్బురేటర్ బండి.
- వీపున వేసుకునే పెట్రోలు స్ప్రేయర్లు, గడ్డి కోసే బ్రష్ కట్టర్లు, చిన్న పెట్రోలు పంపులు, పెట్రోలు పవర్ వీడర్లు ఎక్కువగా కార్బురేటర్ యంత్రాలే.

రెండింటికీ తేడా ఏమిటి?

పెట్రోలు సరిగ్గా మండాలంటే బరువు లెక్కన 1 వంతు పెట్రోలుకు సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఈ పాళ్లు కుదర్చడమే రెండింటి పని.

కార్బురేటర్‌లో పెట్రోలు టాంకు నుంచి తనంతట తానే కిందికి దిగి చిన్న గిన్నెలో నిలుస్తుంది. గిన్నెలోని ఫ్లోట్ మట్టాన్ని కాస్తుంది. ఇంజన్ గాలి పీల్చినప్పుడు సన్నని జెట్ల గుండా పెట్రోలు పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఇందులో లోపాలు ఎక్కువగా మూడు రకాలు: చెత్త, నీరు, అరుగుదల. వాటిని కంటితో చూసి తెలుసుకోవచ్చు.

ఎఫ్.ఐ.లో టాంకులోని ఎలక్ట్రిక్ పంపు పెట్రోలును సుమారు 2.5 నుంచి 3 బార్ ఒత్తిడితో ఇంజెక్టర్‌కు పంపుతుంది. గాలి ఒత్తిడి, ఇంజన్ వేడి, యాక్సిలరేటర్ ఎంత తిప్పారు అన్నవి సెన్సర్లు చెబితే, ఈ.సి.యు. అనే చిన్న కంప్యూటర్ ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో నిర్ణయిస్తుంది. ఇందులో చెత్త, నీటితో పాటు కరెంటు కూడా లోపానికి మూలం. బ్యాటరీ, ఫ్యూజు, వైరు, కనెక్టరు బాగుంటేనే మిగతావి పనిచేస్తాయి.

ఒక్క మాటలో చెప్పాలంటే, కార్బురేటర్ బండి ఆగితే ముందు పెట్రోలు దారి చూడండి. ఎఫ్.ఐ. బండి ఆగితే ముందు కరెంటు దారి చూడండి.

పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

- ఇంజన్ చల్లారాకే పెట్రోలు పైపు గానీ, గిన్నె డ్రెయిన్ స్క్రూ గానీ విప్పాలి. వేడి సైలెన్సర్ మీద చుక్క పడినా మంట లేస్తుంది.
- ఆరుబయట, నీడలో చేయండి. గడ్డివాము, పత్తి నిల్వ, పొయ్యి దగ్గర వద్దు. బీడీ, సిగరెట్ దగ్గరకు రానీయవద్దు.
- పైపు నోట్లో పెట్టుకుని పెట్రోలు పీల్చవద్దు. పొరపాటున ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.
- స్ప్రేయర్ అయితే ముందు మందు టాంకు ఖాళీ చేసి, యంత్రాన్ని బయటి నుంచి కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని తర్వాత ఇంజన్ ముట్టుకోండి. మందు కొలిచే మూతతో ఆయిలు కొలవవద్దు.
- ఎఫ్.ఐ. బండిలో పెట్రోలు పైపు ఒత్తిడి మీద ఉంటుంది. దాన్ని ఇంటి దగ్గర విప్పవద్దు.

ఏ ఇంజనుకైనా మొదటి ఐదు నిమిషాల పరీక్ష

1. టాంకులో పెట్రోలు ఉందా? మీటరు ముల్లును నమ్మకుండా మూత తీసి చూడండి.
2. కాక్ ఆన్‌లో ఉందా? హ్యాండిల్ దగ్గర ఎర్ర కిల్ స్విచ్ ఉంటే అది రన్ వైపు ఉందా?
3. సైడ్ స్టాండ్ ఎత్తారా? కొత్త బండ్లలో చాలావాటికి స్టాండ్ దించి ఉంటే ఇంజన్ స్టార్ట్ కాదు. స్టాండ్ దగ్గరి స్విచ్‌లో నల్లరేగడి బురద గట్టిపడినా ఇదే పరిస్థితి.
4. టాంకు మూత తెరిచి మళ్లీ స్టార్ట్ చేయండి. కొన్ని కిలోమీటర్లు పోయాక బండి ఆగి, మూత తెరిస్తే మళ్లీ నడుస్తుంటే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. శుభ్రం చేస్తే సరిపోతుంది.
5. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. మట్టి బాటల్లో తిరిగే బండికి ఇది తరచూ నిండిపోతుంది.
6. ప్లగ్ క్యాప్ వదులుగా ఉందా, తీగ ఎక్కడైనా చిట్లిందా చూడండి.

ఈ ఆరూ చూశాకే స్పానరు పట్టండి.

కార్బురేటర్ బండిలో లోపాలు

స్టార్ట్ కాకపోతే: పది కిక్కుల తర్వాత ప్లగ్ విప్పి చూడండి. దారి ఇక్కడే రెండుగా చీలుతుంది.

ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూను కొంచెం వదులు చేసి, కింద చిన్న గ్లాసు పెట్టండి. పెట్రోలు రాకపోతే లోపం కాక్‌లో, పైపులో, ఫిల్టర్లో లేదా ఫ్లోట్ సూదిలో ఉంది. ధారగా వస్తే గిన్నె దాకా దారి బాగుంది, జెట్ మూసుకుపోయింది. గ్లాసులో అడుగున నీటి బుడగలు కనబడితే టాంకు మొత్తం ఖాళీ చేయాలి. గిన్నె ఒక్కటి కడిగితే రేపు మళ్లీ అదే కథ.

ప్లగ్ తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, నిప్పు రావడం లేదు. లేదా పెట్రోలు ఎక్కువై మునిగింది. ప్లగ్ తుడిచి, క్యాప్‌లో పెట్టి, దాని మర ఇంజన్ ఇనుముకు తగిలేలా ఆనించి కిక్కు కొట్టండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా, ఒలికిన పెట్రోలు లేనిచోట ఈ పరీక్ష చేయాలి. నీలం రంగు నిప్పురవ్వ టక్కుమని వస్తే ప్లగ్ బాగుంది. ఎర్రగా, బలహీనంగా వస్తే కొత్త ప్లగ్ వేసి చూడండి. నిప్పు బాగుంటే చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఏడెనిమిది కిక్కులు కొట్టండి. ఎక్కువైన పెట్రోలు బయటకు పోతుంది.

స్లోలో నిలవకపోతే: పైలట్ జెట్ మూసుకుపోయి ఉండవచ్చు. చోక్ వేస్తేనే నడిచి, తీస్తే ఆగుతుంటే ఈ అనుమానం బలపడుతుంది. జెట్‌ను సూదితోనో, ఇనుప తీగతోనో పొడవవద్దు. రంధ్రం పెద్దదైతే మైలేజీ ఎప్పటికీ తిరిగి రాదు. కార్బురేటర్ క్లీనర్, గాలి ప్రెషర్‌తోనే శుభ్రం చేయించండి.

యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ రెయిజ్ అవుతుంటే: ముందు యాక్సిలరేటర్ కేబుల్ పట్టేసిందేమో చూడండి. అది బాగుంటే కార్బురేటర్‌కు, ఇంజనుకు మధ్య ఉన్న రబ్బరు ముక్క పగిలి దొంగ గాలి లాగుతుండవచ్చు. రబ్బరును చేత్తో వంచి చూస్తే చిట్లు కనబడతాయి.

కింద పైపు నుంచి పెట్రోలు కారుతుంటే: ఫ్లోట్ సూది కింద చెత్త చిక్కింది లేదా సూది అరిగింది. సూది మార్చేదాకా బండి నిలిపిన ప్రతిసారీ కాక్ ఆఫ్ చేయండి. ఇంట్లో, పశువుల పాకలో ఆ బండి పెట్టవద్దు.

ప్లగ్ రంగు: ఇటుక లేదా లేత గోధుమ రంగు ఉంటే పాళ్లు సరిగ్గా ఉన్నాయి. నల్లటి పొడి మసి అంటే పెట్రోలు ఎక్కువ, లేదా ఎయిర్ ఫిల్టర్ నిండింది. తెల్లగా మాడినట్టు ఉంటే పెట్రోలు తక్కువ లేదా దొంగ గాలి. అలాగే నడిపితే ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది.

ట్యూనింగ్ స్క్రూ తిప్పేముందు అది పూర్తిగా బిగియడానికి ఎన్ని చుట్లు పడుతుందో లెక్కపెట్టి రాసిపెట్టుకోండి. కుదరకపోతే మళ్లీ పాత చోటికి తేవచ్చు. ఇంజన్ వేడెక్కాకే ట్యూనింగ్ చేయాలి.

ఎఫ్.ఐ. బండిలో లోపాలు

1. తాళం ఆన్ చేసి వినండి. పంపు శబ్దం వచ్చిందా? రాకపోతే తాళం ఆఫ్ చేసి ఫ్యూజులు చూడండి. అవి సీటు కిందో, పక్క ప్యానెల్ లోపలో ఉంటాయి. ఫ్యూజు పోతే అదే ఆంపియరు ఫ్యూజు వేయాలి. రాగి తీగ చుట్టి నడిపితే వైరింగే కాలిపోవచ్చు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది, మెకానిక్‌కు చూపండి.

2. బ్యాటరీ చూడండి. రాత్రంతా నిలిపిన బండిలో బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు. 12 కన్నా తగ్గితే ఛార్జింగ్ పెట్టాలి. ఇంజన్ నడుస్తుండగా 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. పాత బండ్లు చాలావరకు బ్యాటరీ లేకున్నా కిక్కుతో లేచేవి. ఎఫ్.ఐ.లో పంపు తిరగాలి, ఈ.సి.యు. మేలుకోవాలి. బ్యాటరీ పూర్తిగా పడిపోతే చాలా మోడళ్లు కిక్కుకూ లేవవు. తోసి స్టార్ట్ చేయాలని చూసి అలసిపోవద్దు. వదులైన, తుప్పు పట్టిన టెర్మినళ్లను బిగించి శుభ్రం చేస్తేనే చాలా కేసులు తీరిపోతాయి.

3. బండి పడిపోయిందా? కొన్ని ఎఫ్.ఐ. బండ్లలో పక్కకు పడితే ఇంజన్ ఆపేసే సెన్సర్ ఉంటుంది. బండిని నిలబెట్టి, తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా స్టార్ట్ అవుతుంది.

4. వైర్లు చూడండి. గింజలు నిల్వ ఉన్న ఇంట్లో, పాకలో పెట్టిన బండి వైర్లను ఎలుకలు కొరుకుతాయి. సీటు కింద, ఇంజన్ పక్కన కొరికిన గుర్తులు ఉన్నాయేమో వెతకండి. వానలో తడిశాక మొరాయిస్తే కనెక్టర్లలో నీరు చేరి ఉంటుంది. ఆరనివ్వండి. కనెక్టరును తీగ పట్టి లాగకుండా లాకు నొక్కి తీయాలి.

5. పసుపు లైటును చదవండి. తాళం ఆన్ చేసినప్పుడు వెలిగి, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవడం మామూలు. నడుస్తుండగా వెలుగుతూనే ఉంటే ఈ.సి.యు. ఏదో లోపం గుర్తించి జ్ఞాపకం పెట్టుకుందని అర్థం. బండి లాగుతుంటే నిదానంగా షోరూంకో, స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికో తీసుకెళ్లవచ్చు. లైటు మిణుకుతూ పికప్ పడిపోతే దూరం నడపవద్దు.

స్కానర్‌లో కోడ్ వచ్చినంత మాత్రాన ఆ పార్టే పోయిందని కాదు. ఉదాహరణకు పి-0335 అనే కోడ్ క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం అని చెబుతుంది. సర్క్యూట్ అంటే సెన్సర్, దాని వైరు, దాని కనెక్టరు మూడూ. వైరు, కనెక్టరు చూడకుండా సెన్సర్ మార్చమంటే ఆగి అడగండి. బ్యాటరీ వైరు పీకి లైటు ఆర్పితే లోపం పోదు.

6. స్టార్ట్ అయినా స్లోలో ఆగిపోతుంటే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఉంటుంది. దాన్ని తగిన క్లీనర్‌తో మెకానిక్ చేత శుభ్రం చేయించండి. అక్కడ కనిపించే స్క్రూను కార్బురేటర్ స్క్రూలా తిప్పవద్దు. ప్లగ్ నిప్పు పరీక్ష కూడా ఎఫ్.ఐ. బండి మీద ఇంట్లో చేయవద్దు. ప్లగ్ సరిగ్గా ఆనకపోతే కాయిలు, ఈ.సి.యు. దెబ్బతినే ప్రమాదం ఉంది.

ఎఫ్.ఐ. బండిని ఎప్పుడూ చివరి చుక్క దాకా నడపవద్దు. టాంకులోని పంపు పెట్రోలులో మునిగి ఉండటం వల్లే చల్లగా ఉంటుంది. అడుగున ఉన్న చెత్త కూడా అప్పుడే పంపు జల్లెడలో చేరుతుంది. ఇంజన్ మీద, వైర్ల మీద ప్రెషర్ నీళ్లు కొట్టించవద్దు.

స్ప్రేయర్, బ్రష్ కట్టర్, వీడర్

ముందు మీ యంత్రం టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా తెలుసుకోండి. టూ స్ట్రోక్ అయితే పెట్రోలులో ఆయిలు కలపాలి. ఫోర్ స్ట్రోక్ అయితే కలపకూడదు, ఆయిలు వేరే గదిలో పోయాలి. తారుమారైతే కొత్త ఇంజన్ కూడా నాశనమవుతుంది.

టూ స్ట్రోక్‌కు 1 లీటరు పెట్రోలుకు కలపవలసిన ఆయిలు:
- 25:1 అని రాసి ఉంటే 40 మి.లీ.
- 40:1 అని రాసి ఉంటే 25 మి.లీ.
- 50:1 అని రాసి ఉంటే 20 మి.లీ.

ఏ పాళ్లో యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో గానీ, టాంకు మీద గానీ ఉంటుంది. పక్క రైతు యంత్రం లెక్క మీ యంత్రానికి పనికిరాదు. డబ్బాలో విడిగా కలిపి, బాగా కుదిపి, జల్లెడ ఉన్న గరాటుతో పోయండి.

స్టార్ట్ కాకపోతే: మెత్తటి ప్రైమర్ బల్బు ఉంటే పైపులో పెట్రోలు కనబడేదాకా నొక్కండి. బల్బు నొక్కినా పెట్రోలు రాకపోతే పైపు చిట్లి గాలి లాగుతోంది, లేదా టాంకు లోపలి చిన్న ఫిల్టర్ మూసుకుపోయింది. రెండూ తక్కువ ధరవి, ముందు వాటినే మార్చండి. స్టార్ట్ అయి లోడు మీద ఆగిపోతుంటే ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ రంధ్రంలోని మసి చూడండి. కొన్ని ఫోర్ స్ట్రోక్ వీడర్లలో ఆయిలు మట్టం తగ్గితే ఇంజన్ తనంతట తానే ఆగే ఏర్పాటు ఉంటుంది. యంత్రాన్ని చదునుగా నిలిపి ఆయిలు చూశాకే మిగతావి చూడండి.

సీజన్ అయ్యాక టాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట ఆగేదాకా నడపండి. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు నెలల తరబడి నిలిస్తే జిగురుగా మారి జెట్లు మూసేస్తుంది. ఖరీఫ్ మొదట్లో స్ప్రేయర్లు మొరాయించడానికి ఇదొక ముఖ్య కారణం. మొదటి పిచికారీ రోజు కాకుండా, పది రోజుల ముందే ఒకసారి నడిపి చూసుకోండి.

ఇథనాల్ పెట్రోలు, వాన నీరు

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజన్ లాగేది అడుగు నుంచే. టూ స్ట్రోక్ ఇంజన్ అయితే ఆ పొరతో పాటు ఆయిలు అందదు, పిస్టన్ పట్టేస్తుంది.

అనుమానం ఉంటే టాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు గాజు సీసాలో తీసి అర గంట కదపకుండా పెట్టండి. అడుగున వేరే పొర కనబడితే ఆ పెట్రోలు వాడవద్దు. టాంకు మూత రబ్బరు వాషరు బాగుండేలా చూసుకోండి, వానలో బండి మీద పట్ట కప్పండి. పాత బండ్లు, స్ప్రేయర్ల రబ్బరు పైపులు, వాషర్లు ఇథనాల్‌కు ఉబ్బి చిట్లుతాయి. సర్వీసులో వాటిని తప్పక చూపించి మార్పించండి. స్ప్రేయర్ కోసం నెలకు మించి పెట్రోలు నిల్వ ఉంచవద్దు.

ఎండ, దుమ్ము

వేసవిలో 40 డిగ్రీలు దాటిన ఎండలో నిలిపిన కార్బురేటర్ బండి కాసేపటికి స్టార్ట్ కాకపోవచ్చు. గిన్నెలోని పెట్రోలు వేడికి ఆవిరై ఇంజన్‌ను నింపేస్తుంది. అప్పుడు చోక్ వేయవద్దు. నీడకు తెచ్చి పది నిమిషాలు ఆగి, యాక్సిలరేటర్ సగం తిప్పి కిక్కు కొట్టండి. ఎఫ్.ఐ.లో పెట్రోలు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ.

స్పాంజి ఎయిర్ ఫిల్టరును సబ్బు నీటితో కడిగి, నీడలో ఆరబెట్టి, నాలుగు చుక్కల ఆయిలు వేసి పిండి బిగించండి. పెట్రోలుతో కడగవద్దు. కాగితం ఫిల్టరును కడగకూడదు, మార్చాలి. ఫిల్టరు తీసేసి నడిపితే పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది గానీ, లోపలికి పోయే దుమ్ము రింగులను తినేస్తుంది.

ఎఫ్.ఐ. తీసి కార్బురేటర్ పెట్టించవచ్చా?

ఎఫ్.ఐ. రిపేరు ఖర్చు భయంతో కొందరు ఈ ఆలోచన చేస్తున్నారు. వద్దు. సెన్సర్ల వైరింగ్ కోశాక జ్వలన కూడా కుదరదు, పొగ పెరుగుతుంది. బండిని కంపెనీ ఇచ్చిన తీరుకు భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అనుమతించదు. వారంటీ పోతుంది, ప్రమాదం జరిగితే బీమా క్లెయిములో చిక్కు వస్తుంది. పాత కార్బురేటర్ బండికి ఎఫ్.ఐ. పెట్టించడం కూడా దండగే. కార్బురేటర్ శుభ్రంగా ఉంటే అది బాగానే పనిచేస్తుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు ఇలా ఆలోచించండి. ఊళ్లోనే రిపేరు కావాలి, స్కానర్ ఉన్న మెకానిక్ దూరం అనుకుంటే మంచి కండిషన్‌లో ఉన్న కార్బురేటర్ బండి సులువు. రోజూ తిరగాలి, మైలేజీ, చలికాలం స్టార్టింగు ముఖ్యం అనుకుంటే ఎఫ్.ఐ. మేలు. ఎఫ్.ఐ. బండి కొనేటప్పుడు తాళం ఆన్ చేసినప్పుడు పసుపు లైటు అసలు వెలుగుతోందా అని చూడండి. వెలగకపోతే లోపం దాచడానికి లైటు పీకేసి ఉండవచ్చు.

మెకానిక్ దగ్గర

- లక్షణం చెప్పండి, పార్టు పేరు మీరే చెప్పవద్దు. "చల్లగా ఉన్నప్పుడు లేస్తుంది, పది కిలోమీటర్లకు ఆగుతుంది" అంటే సగం పని అయినట్టే.
- ఏ పరీక్ష చేసి ఆ పార్టు పోయిందని తేల్చారో అడగండి. ఎఫ్.ఐ. అయితే కోడ్ నంబరు రాయించుకోండి.
- మార్చిన పాత పార్టు తిరిగి తీసుకోండి. బిల్లు ఉంచుకోండి.

డీజిల్ ట్రాక్టరుకు ఈ పరీక్షలు వర్తించవు. ముఖ్యంగా సి.ఆర్.డి.ఐ. ట్రాక్టర్లలో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఇంజన్ నడుస్తుండగా పైపు వదులు చేస్తే సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. కంపెనీ మెకానిక్‌నే పిలవండి.

గుర్తుంచుకోండి

- విప్పే ముందు ఐదు నిమిషాల పరీక్ష.
- కార్బురేటర్‌కు పెట్రోలు దారి, ఎఫ్.ఐ.కి కరెంటు దారి ముందు.
- ప్లగ్ పొడిగా ఉందా, తడిగా ఉందా చూడకుండా కార్బురేటర్ విప్పవద్దు.
- యంత్రం ఆగి మందు మిగిలితే, కలిపిన మందును మర్నాటికి నిల్వ చేయవద్దు. పొరుగువారి స్ప్రేయర్‌తోనో, చేతి పంపుతోనో అదే పూట పూర్తి చేయండి. మందు, మోతాదు విషయంలో మీ ఊరి రైతు సేవా కేంద్రాన్ని గానీ, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ, కిసాన్ కాల్ సెంటర్‌ను 1800-180-1551 నంబరులో గానీ సంప్రదించండి.